చుట్టరికం ఆట

త్రివేణిని ఒక్కచోట కూర్చోబెట్టడం కన్నతల్లి వల్లే కాలేదు, ఇక ఆదివారం ఫుట్‌బాల్ లీగ్ వల్ల ఏమవుతుంది చెప్పండి! పొయ్యి మీద పాలు పెట్టి పెరటి తలుపు తీస్తుంది. కంచె మీద ఎర్ర భుజాల నల్లపిట్ట కనిపిస్తుంది. అది ఎగిరితే దాని వెంట పక్కింటివాళ్ళ గడ్డి దాకా, అక్కణ్ణించి కాలనీ చివరి చెరువు దాకా పోతుంది. ఇంట్లో పాలు తమ పని తాము చేసుకుంటాయి. నలభై నాలుగేళ్ళ మనిషి, సముద్రాలు దాటొచ్చి అరోరాలో పదమూడేళ్ళ కాపురం, ఒక ఇన్సూరెన్స్ కంపెనీకి టెస్టర్ ఉద్యోగం. ఎదుటివాళ్ళు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడంలో దిట్ట. తన కాళ్ళు ఎప్పుడు ఎటు పోతాయో మాత్రం ఆమెకే తెలియదు.

ఖమ్మంలో గర్ల్స్ హైస్కూల్లో చదివేటప్పుడు ఖోఖో జట్టులో ఉండేది, రెండంటే రెండే నెలలు. వెనక నుంచి ‘ఖో’ అనేదాకా కూర్చున్న పిల్ల లేవకూడదు. ఈవిడ లేచేది. పరిగెత్తేవాళ్ళ గాలి తగిలితే చాలు, లేచేది. జిల్లా పోటీలకి ముందురోజు పీటీ టీచరు ఆమె పేరు కొట్టేసి, “నువ్వు జట్టుకి పనికిరావమ్మా” అంది. ఆ మాట మింగుడు పడక ముప్పై ఏళ్ళు అలాగే ఉండిపోయింది.

అందుకే స్నేహితురాలు శ్రీవిద్య ‘అరోరా అక్కలు’ అని జట్టు పెట్టి, నలభై దాటిన ఆడవాళ్ళ లీగ్‌లో చేరదాం రమ్మన్నప్పుడు త్రివేణి ఎగిరి గంతేసింది. ఆమె వారం ఎలా గడుస్తుందో తెలిస్తే మీరూ ఆశ్చర్యపోరు. భర్త ఫణి సోమవారం తెల్లవారుజామున క్లయింటు ఊరికి ఫ్లైట్ ఎక్కితే గురువారం గానీ దిగడు. కూతురు నిధి అర్బానాలో కాలేజీ డార్మ్‌లో ఉంటోంది. పగలంతా త్రివేణి హెడ్‌సెట్‌లో గొంతులతో మాట్లాడుతుంది. ఆ గొంతులు ఆమెను ‘ట్రివ్’ అంటాయి. ఆదివారం పొద్దున మైదానంలో మాత్రం పన్నెండుమంది ఆడవాళ్ళు గొంతు చించుకుని “త్రివేణీ!” అని అరుస్తారు. తిట్టడానికే అరవనీ, పూర్తి పేరు పెట్టి అరుస్తారు. ఆ పిలుపు కోసమే ఆమె వారమంతా ఎదురుచూసేది.

తిట్టడానికి కారణం కోచ్ జగన్మోహన్. శ్రీవిద్య భర్త. డేటా ఆర్కిటెక్ట్, ఆన్‌లైన్‌లో కోచింగ్ సర్టిఫికెట్ కూడా తెచ్చుకున్నాడు. ఆయనకి యూరప్ ఫుట్‌బాల్ అంటే పిచ్చి. మధ్యాహ్నం లంచ్ టైంలో ఆఫీసు రెండో మానిటర్ మీద యూరప్ మ్యాచ్ నడుస్తూనే ఉంటుంది. మైదానాన్ని పన్నెండు గళ్ళుగా కోసి, ఎక్సెల్‌లో రంగులు వేసి, ఎవరి గడి వాళ్ళకి ఈమెయిల్ చేశాడు. త్రివేణిది నాలుగో గడి, ఎడమ వెనక మూల.

“త్రివేణి గారూ, ప్లీజ్ అండీ. మీ జోన్‌లో ఉండండి. బాల్ మీ దగ్గరికే వస్తుంది. యూరప్‌లో ఏ టీమ్ అయినా చూడండి, స్ట్రక్చర్ అంటే స్ట్రక్చర్!”

“ఉంటానండీ, సారీ అండీ” అనేది త్రివేణి. నిజంగానే ఉండాలనుకునేది. రెండు నిమిషాలు ఉండేది కూడా. ఆ తర్వాత బంతి అటు మూల ఎవరి కాళ్ళ దగ్గరో తడబడుతుంటే పాపం అనిపించేది, పోయేది.

ఏప్రిల్‌లో జగన్మోహన్ ఒక మాట చెప్పాడు. సెప్టెంబరులో మొదలయ్యే లీగ్‌కి జట్టుకి పన్నెండు పేర్లే తీసుకుంటారు. జట్టులో ఉన్నది పదముగ్గురు. జూన్ ఆఖరి ఆదివారం ఒక పేరు తీసేయక తప్పదు. ఆ మాట చెబుతూ ఆయన త్రివేణి వైపు చూడకుండా ఉండటానికి నానా తంటాలు పడ్డాడు. ఆమెకి అర్థమైపోయింది. అవును మరి, అర్థం కాకపోవడానికి చిన్నపిల్లా!

పదమూడో మనిషి సెలియా. బ్రెజిల్ ఆవిడ, అరవైకి దగ్గర పడింది. డెంటిస్టు దగ్గర పళ్ళు శుభ్రం చేసే ఉద్యోగం. శ్రీవిద్య పళ్ళు క్లీన్ చేస్తూ, “మీరు సాకర్ ఆడతారటగా, నాకు చోటుందా?” అని అడిగిందట. నోటినిండా సామాన్లతో శ్రీవిద్య “ఆఁ” అంది. ఆవిడ వచ్చే ఆదివారమే బూట్లు వేసుకుని దిగిపోయింది. కుడి మోకాలు ఆవిడ మాట వినదు. మైదానం మధ్యలో నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడేది, పెద్దగా కదిలేది కాదు. కానీ బంతి ఆ కాలి దగ్గరికి వెళ్తే బుద్ధిగా ఉండేది.

మనవాళ్ళు ఊరుకుంటారా! “సెలియా గారూ, సెలియా గారూ” అని పిలవడం మొదలుపెట్టారు. ‘గారూ’ తన పేరులో భాగం కాదని ఆవిడ మూడు వారాలు మొత్తుకుంది. చివరికి ఓడిపోయి, తానే రెండు మూడు తెలుగు మాటలు నేర్చుకుంది. నీళ్ళు, పద, అయ్యో. గోల్ పోయినప్పుడల్లా ఆవిడ “అయ్యో” అంటుంటే గోల్‌కీపర్ మీనా నవ్వాపుకోలేక రెండో గోల్ కూడా వదిలేసేది.

అందుకని సెలియా ఒకరోజు త్రివేణి వైపు చెయ్యి ఊపుతూ “తోకా! తోకా!” అని అరిస్తే, ఎవ్వరికీ ఏ అనుమానమూ రాలేదు. ఇంకో తెలుగు మాట నేర్చుకుందనుకున్నారు. తోక అంటే ఏమిటి? బంతి ఉన్నవాళ్ళ వెనక తోకలాగా ఉండమని! త్రివేణి ప్రాణం లేచొచ్చింది. జన్మలో మొదటిసారి ఒక మనిషి ఆమెను కదలమంటోంది. ఇంకేముంది, నాలుగో గడి వదిలేసి, బంతి ఎవరి దగ్గరుంటే వాళ్ళ వెనక అడుగులో అడుగు వేసుకుంటూ పరిగెత్తింది.

బంతి శ్రీవిద్య దగ్గరుంది. వెనక అడుగుల చప్పుడు విని, చూడకుండానే మడమతో వెనక్కి తోసింది. త్రివేణి అందుకుని సెలియాకి ఇచ్చింది. సెలియా కదలకుండా, పక్కగా వచ్చిన శ్రీవిద్యకి ఇచ్చింది. ప్రాక్టీసు మ్యాచ్‌కి వచ్చిన అవతలి జట్టువాళ్ళు తమ తమ చోట్ల నిలబడి చూస్తున్నారు. ఇది తన వంతా, పక్కావిడ వంతా అని వాళ్ళలో వాళ్ళు తేల్చుకునేలోపు బంతి గోల్‌లో ఉంది.

మే నెలంతా, జూన్‌లో సగం అలా గడిచింది. ఆ రోజుల్ని త్రివేణి తర్వాత ఎప్పుడు తలుచుకున్నా, అవి నిజంగా జరిగాయా అని అనుమానం వచ్చేది. కాటన్‌వుడ్ చెట్ల నుంచి దూది రాలే కాలం. మైదానం మీద గాలిలో తెల్లటి పింజలు పైకీ కిందికీ పోకుండా ఊగుతూ ఉండేవి. ఆ దూది మధ్య నుంచి బంతి వచ్చేది. ఎవరు ఇచ్చారో చూసేది కాదు. ఎవరికివ్వాలో ఆలోచించేది కాదు. కాలు తనంత తానే వెళ్ళేది, అక్కడ ఎవరో ఒకరు ఉండనే ఉండేవారు. ఒకసారి బంతి వస్తుంటే తను తాకకుండా కాళ్ళ మధ్య నుంచి వదిలేసింది. వెనక ఎవరో ఉన్నారని ఎలా తెలిసిందో తనే చెప్పలేదు. ఉన్నారు. మీనా గోల్ దగ్గర్నుంచి “వామ్మో!” అంది. కాసేపు త్రివేణికి తన వయసూ, తన ఊరూ, గేటు బయట పెట్టిన తన కారూ ఏవీ గుర్తులేవు. హాయి అంటే ఇదే కాబోలు అనుకుంది.

జగన్మోహన్‌కి మాత్రం కడుపు మండిపోయింది. “గెలుస్తున్నాం కదా జగన్” అని శ్రీవిద్య అంటే, “గెలవడం కాదు విద్యా, ప్రాసెస్!” అన్నాడు. రెండుసార్లు త్రివేణిని సగం ఆటలోనే బయట కూర్చోబెట్టాడు.

జూన్ రెండో శనివారం పొద్దున శ్రీవిద్య ఫోన్ చేసింది. “త్రివేణీ, నువ్వు అర్జెంటుగా మా ఇంటికి రా. జగన్ టీవీ ముందు నిలబడిపోయాడు. ఇడ్లీ కూడా ముట్టట్లేదు. నీ పేరు పలవరిస్తున్నాడే!”

త్రివేణి కంగారుపడుతూ డ్రైవ్ చేసుకుని వెళ్ళింది. జగన్మోహన్ రిమోట్ నొక్కి ఆటని మళ్ళీ వెనక్కి తిప్పాడు.

“చూడండి త్రివేణి గారూ, చూడండి! ఇది స్వీడన్ అండీ! స్వీడన్!”

తెరమీద సన్నగా వాన పడుతోంది. బంగారురంగు జుట్టు కుర్రాళ్ళు ఆరేడుగురు మైదానానికి ఒక్క పక్కకే చేరిపోయారు. అవతలి పక్కంతా ఖాళీ. ఒకడి వెనక ఒకడు ఏటవాలుగా, అందినంత దగ్గర్లో నిలబడి, బంతిని ఇస్తున్నారు, పుచ్చుకుంటున్నారు, ఇచ్చినవాడు ఆగకుండా ముందుకు పోతున్నాడు. ఒకడు తాకుతాడనుకుంటే తాకకుండా వదిలేశాడు. ఇది బ్రెజిల్ నుంచి వచ్చిన పద్ధతనీ, గళ్ళూ గీతలూ పక్కన పెట్టి యూరప్‌లో కూడా కొందరు కోచ్‌లు దీన్ని అందుకుంటున్నారనీ కామెంటేటర్ చెబుతున్నాడు.

త్రివేణి సోఫా అంచున కూర్చుని నోరు తెరుచుకుని చూసింది. ఎక్కడి స్వీడన్, ఎక్కడి ఖమ్మం! ఆ వానలో ఆ పిల్లలు పరుగెడుతున్న దారులన్నీ ఆమె కాళ్ళకి తెలుసు. ఎవరో తన నిద్రలోకి తొంగిచూసి ఆ కలని టీవీలో పెట్టినట్టుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చూపించుకోవడం ఇష్టం లేక ఇడ్లీ పళ్ళెం వైపు తిరిగింది.

“దీనికి పేరుందండీ” అన్నాడు జగన్మోహన్. “రిలేషనిజం. చోటుతో కాదు, మనుషులతో రిలేషన్.”

“అంటే చుట్టరికమా?” అంది త్రివేణి.

“ఆఁ... అలాంటిదే.”

“మరి చుట్టాలంతా ఒకే బంతిలో కూర్చోకపోతే ఎలాగండీ, ఒక్కొక్కళ్ళని ఒక్కో మూల కూర్చోబెడితే వడ్డన ఏం బాగుంటుంది?”

శ్రీవిద్య పడీపడీ నవ్వింది. జగన్మోహన్ నవ్వలేదు, నోట్ చేసుకున్నాడు. మర్నాటికి కొత్త ఎక్సెల్ వచ్చింది. ‘పన్నెండో నిమిషం: స్వేచ్ఛ. ఎడమవైపు. నలుగురు.’ పేరుంటే చాలు, ఆయన దేన్నయినా గడిలో పెట్టగలడు. బ్రెజిల్ ఆటను సెలియాకి అరగంటసేపు బొమ్మలు గీసి మరీ నేర్పించాడు. ఆవిడ ఓపిగ్గా వింది.

“మా దేశంలో అందరూ ఇలాగే ఆడతారనుకోకండి” అంది చివర్లో. “మా నాన్న బస్సు డ్రైవరు. ఆదివారాలు డిఫెండరుగా ఆడేవాడు. తన చోటు నుంచి అంగుళం కదిలేవాడు కాదు. మమ్మల్నీ కదలనిచ్చేవాడు కాదు.”

అసలు సంగతి ఆరోజే బయటపడింది. ప్రాక్టీసయ్యాక అందరూ పిక్నిక్ బల్ల దగ్గర చేరి, శ్రీవిద్య గుడి నుంచి తెచ్చిన పులిహోర తింటున్నారు. సెలియా చాలా రోజులుగా దాచుకున్న ప్రశ్న అడిగింది. “మీరందరూ త్రివేణిని తోక అని ఎందుకంటారు? అది ముద్దుపేరా?”

“మీరే కదా మొదలుపెట్టింది!” అంది మీనా. తోక అంటే ఏమిటో చెయ్యి వెనక పెట్టి ఊపి చూపించింది.

సెలియా చెంచా కింద పెట్టేసింది. “మా భాషలో తోకా అంటే బంతి ఇవ్వు అని. పాస్ ఇవ్వు! నెలన్నరగా పాస్ ఇవ్వమని అరుస్తున్నాను!”

ఇక చూడండి. నవ్వులే నవ్వులు. మీనాకి పులిహోర కొరబోయింది. త్రివేణి కూడా అందరితో పాటు నవ్వింది. కానీ లోపల ఏదో తెగింది. నెలన్నరగా తను మెచ్చుకోలు అనుకున్నది తిట్టన్నమాట. ఇవ్వాల్సిన బంతి ఇవ్వకుండా తగుదునమ్మా అని వెంటపడి తిరిగిందన్నమాట. కారు దగ్గర తాళాల కోసం సంచిలో వెతుకుతుంటే సెలియా కుంటుకుంటూ వచ్చింది.

“నేను బంతి అడిగాను. నువ్వు నువ్వే వచ్చావు” అంది. “మొదటి మూడు వారాలు చాలా కోపం వచ్చింది. ఆ తర్వాత రాలేదు. ఈ కాలితో నేను ఎక్కడికీ పోలేను కదా, ఎవరైనా నా దగ్గరికి వస్తుంటే బాగుంటుంది.”

త్రివేణి ఆవిణ్ణి గట్టిగా పట్టుకుంది.

జూన్ ఆఖరి ఆదివారం వచ్చింది. జగన్మోహన్ పిక్నిక్ బల్ల దగ్గర నిలబడి ఫోన్‌లో చూసి పేర్లు చదివాడు. శ్రీవిద్య, మీనా, ఇంకొకరు, ఇంకొకరు. త్రివేణి వేళ్ళు మడిచి లెక్కపెడుతోంది. ఎనిమిదో పేరు ఆమెది. “త్రివేణి గారు, ఫ్రీ రోల్, గడి లేదు” అన్నాడు. ఆమెకి చెవులు వేడెక్కాయి. ఖమ్మం పీటీ టీచరు ఇప్పుడెక్కడుందో గానీ, పిలిచి చెప్పాలనిపించింది. ఆ సంతోషంలో మిగతా నాలుగు పేర్లు సరిగ్గా వినలేదు. చదవడం అయిపోయింది. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది సెలియా. కొడుతూ త్రివేణినే చూస్తోంది. ఆ చూపు చూశాక గానీ త్రివేణికి వెలగలేదు, లేని పేరు ఆవిడదని.

“సెలియా గారి పేరేదండీ?”

జగన్మోహన్ ఇబ్బందిగా కదిలాడు. చెడ్డవాడేం కాదు పాపం. “పన్నెండే కదండీ. ఈ సిస్టమ్‌లో అందరూ మూవ్ అవ్వాలి. ఆవిడ నిలబడే ఉంటారు. నాకూ బాధగానే ఉంది.”

“ఆవిడ నిలబడింది కాబట్టే కదండీ మేం కదిలాం!”

బ్రెజిల్ ఆట స్వీడన్ చుట్టూ తిరిగి అరోరాకి వచ్చేసరికి, అందులో బ్రెజిల్ ఆవిడకి చోటు లేకుండా పోయింది. త్రివేణికి ఒళ్ళు మండింది.

“నా పేరు తీసేసి ఆవిడ పేరు పెట్టండి.”

“త్రివేణి గారూ, ఎమోషనల్ అవ్వకండి. ఐదింటికల్లా రోస్టర్ సబ్మిట్ చేయాలి.”

“అయితే ఇప్పుడే మార్చండి.”

“త్రివేణీ, ఆలోచించుకోవే” అంది శ్రీవిద్య మెల్లగా. “ఎంత ఎదురుచూశావో నాకు తెలుసు.”

తెలుగు రాకపోయినా సంగతి గ్రహించి సెలియా ఇంగ్లీషులో కోపంగా అంది. “నాకు దానం చేయొద్దు.”

“దానం కాదు” అంది త్రివేణి. “పోయిన ఆదివారం ప్రాక్టీసుకి మీరు రాలేదు. ఎటు పరిగెత్తాలో నాకు తెలియలేదు. మీరు లేకుండా లోపల ఉండి నేనేం చేయను?”

“మరి బయట ఉండి ఏం చేస్తావ్?”

“చూస్తాను.”

సెలియా ఒంగి కుడి మోకాలు నిమురుకుంది. “నాకు ఆడాలనే ఉంది” అంది చివరికి. చెప్పడం కష్టమైంది ఆవిడకి. జగన్మోహన్ ఫోన్‌లో రెండు పేర్లు మార్చాడు.

ధీరవనిత అనుకునేరు! ఇంటికెళ్ళే దారిలో కారు పక్కకి ఆపుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఎందుకు చేశాను దేవుడా అనుకుంది. ముప్పై ఏళ్ళకి దక్కిన చోటు, నోటి దురుసుతో పోగొట్టుకున్నానని తనను తాను తిట్టుకుంది. ఐదింటి లోపల ఫోన్ చేసి మాట మార్చుకుందామని రెండుసార్లు నంబరు దాకా వెళ్ళింది. చేయలేదు. ఐదయ్యాక లేచి కాఫీ పెట్టుకుంది.

సెప్టెంబరు రెండో ఆదివారం లీగ్‌లో మొదటి మ్యాచ్. రాత్రి వాన పడి, పొద్దున్నే ఎండొచ్చింది. పార్కు అవతల సోయా చేలు పసుపు తిరుగుతున్నాయి, మైదానం మీద పొగమంచు మోకాలెత్తున పాకుతోంది. త్రివేణి ఊరికే చూద్దామని వచ్చింది. మామూలు చెప్పులతోనే బయల్దేరబోయి, గుమ్మం దగ్గర మనసు మార్చుకుని బూట్లు వేసుకుంది. విజిల్ పడింది. బంతి కదిలింది. బంతితో పాటు ఆమె కూడా కదిలింది, గీతకి ఇవతల. బంతి ముందుకు పోతే ముందుకీ, వెనక్కి వస్తే వెనక్కీ. రిఫరీ కాలేజీ పిల్ల. రెండుసార్లు వచ్చి, “మేడమ్, దయచేసి బెంచీ దగ్గరే ఉండండి” అంది. త్రివేణి బుద్ధిగా తలూపి వెళ్ళి కూర్చుంది. మళ్ళీ ఎప్పుడు లేచిందో ఆమెకి తెలియదు.

లోపల సెలియా మధ్యలో నిలబడే ఉంది. ఆమె చుట్టూ అక్కలు చేరుతున్నారు, విడిపోతున్నారు, మళ్ళీ చేరుతున్నారు. పొగమంచులో పాదాలు కనిపించట్లేదు, బంతి మాత్రం ఒకరి నుంచి ఒకరికి పోతోంది. త్రివేణికి ఏడుపు రాలేదు. తను లోపలే ఉన్నట్టుంది. ఎవరు ఎవరికి ఇస్తారో ముందే తెలుస్తోంది, తెలిసిన ప్రతిసారీ కాలు దానంతటదే ఒక అడుగు వేస్తోంది.

ఆట ఆఖరికొచ్చింది, ఒకటీ ఒకటి. బంతి సెలియాకి వచ్చింది. ముగ్గురు ఒక్కసారిగా ఆవిడ మీదికి వచ్చారు. కుడివైపు శ్రీవిద్య ఖాళీగా ఉంది. “విద్యకివ్వండి! విద్యకి!” అని జగన్మోహన్ గొంతు పోయేలా అరుస్తున్నాడు. సెలియా తలెత్తి చూడలేదు. వెనక ఎడమవైపు అడుగుల చప్పుడు వింది. మే నెలంతా విన్న చప్పుడే. ఒళ్ళు అటు తిప్పి, ఎడమకాలి లోపలి వైపుతో మెత్తగా ఇచ్చింది.

బంతి ముగ్గురి మధ్య నుంచి వచ్చింది, తడిగడ్డి మీద గీత గీసుకుంటూ వచ్చింది, తెల్లటి సున్నపు గీత దాటింది, దాటి సరిగ్గా త్రివేణి కుడి బూటు దగ్గర ఆగింది. ఎవరూ ఆమెకి ఇంత చక్కగా బంతి ఇవ్వలేదు. విజిల్ పడింది. అవతలి జట్టుకి త్రో. జగన్మోహన్ రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. మైదానం మధ్యలో సెలియా నోటి మీద చెయ్యి వేసుకుని, ఇటే చూస్తూ ఉండిపోయింది.

అవతలి జట్టావిడ చేతులు చాపుకుని వచ్చి నిలబడింది. బంతి ఇవ్వడానికి త్రివేణి కొంచెం ఆలస్యం చేసింది.